పోడు పట్టాకు దరఖాస్తు: పెద్దల వాంగ్మూలం దగ్గర జాగ్రత్త

పోయిన ఎండాకాలం భద్రాచలం ఏజెన్సీలో ఒక గూడెం వాళ్లు సంచి నిండా ఫైళ్లు తెచ్చి నా ముందు పెట్టారు. అన్నీ పోడు పట్టా కోసం, అంటే అడవి కొట్టి సాగు చేసుకుంటున్న భూమికి హక్కు పత్రం కోసం పెట్టుకున్న దరఖాస్తులు, అన్నీ వెనక్కి వచ్చినవే. తిరగేస్తుంటే ప్రతి ఫైల్లోనూ ఒకే కాగితం. ‘ఫలానా వారు 2005కు ముందు నుంచి సాగు చేసుకుంటున్నారని నాకు తెలుసు’ అని టైపు చేసిన ఒకటిన్నర వరుస, కింద వేలిముద్ర. దరఖాస్తుదారు పేరు మాత్రం పెన్నుతో మార్చారు. వేలిముద్ర అన్నిటి మీదా ఒక్కరిదే, అదీ జిరాక్స్. ఈ కాగితానికి మధ్యవర్తి ఇంటికి రెండేసి వేలు తీసుకున్నాడు. భూమి నిజం, సాగు నిజం, సాక్ష్యం చెప్పగల పెద్దలు ఊళ్లోనే ఉన్నారు. అయినా కాగితం చూస్తే ఎవరికైనా అనుమానమే వస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు అర్హత సంగతి. 2006లో వచ్చిన అటవీ హక్కుల గుర్తింపు చట్టం కింద ఇచ్చే పట్టా ఇది. మన దగ్గర అందరూ ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా అంటారు. గిరిజనులైతే 2005 డిసెంబరు 13 నాటికే ఆ అటవీ భూమి వాళ్ల సాగులో ఉండాలి. గిరిజనేతరులైతే ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అడవిలో ఉంటూ అడవిమీదే బతికినట్టు చూపాలి. ఎంత భూమి సాగులో ఉంటే అంతకే హక్కు, అదీ 4 హెక్టార్లు మించకుండా. మన లెక్కలో పదెకరాలకు కాస్త తక్కువ. నల్లమల చెంచుల్లాగా అభయారణ్యంలో ఉన్నవాళ్లకూ ఈ చట్టం వర్తిస్తుంది. ‘ఇప్పుడు చెట్లు కొట్టి దున్నండి, తర్వాత పట్టా ఇప్పిస్తాం’ అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. కొత్తగా కొట్టిన పోడుకు పట్టా రాదు, కేసు వస్తుంది.

దరఖాస్తు ఇవ్వాల్సింది మండలాఫీసులోనో ఫారెస్టు ఆఫీసులోనో కాదు, మీ గ్రామసభకు. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీ, అందరూ ఎఫ్‌ఆర్‌సీ అంటారు, దాన్ని తీసుకుంటుంది. వ్యక్తిగత భూమికి ఫారం-ఏ. ఊరంతటికీ కలిపి తునికాకు, వెదురు, మేపు లాంటి ఉమ్మడి హక్కులకు ఫారం-బీ, ఊరి అడవిని కాపాడుకుని వాడుకునే హక్కుకు ఫారం-సీ. ఫారాలు ఉచితం. ఏ దశలోనూ ఫీజు లేదు. కుల ధ్రువీకరణ పత్రం, ఓటరు కార్డు, రేషన్ కార్డు జిరాక్సులు జత చేయండి. భార్య పేరు తప్పకుండా రాయించండి, ఎందుకంటే పట్టా ఇద్దరి పేరునా రావాలని చట్టంలోనే ఉంది. చివరగా, దరఖాస్తు అందినట్టు కమిటీ దగ్గర తేదీతో రసీదు తీసుకోండి. ‘మనవాళ్లేగా, రసీదు ఎందుకు’ అని మొహమాటపడినవాళ్లు తర్వాత తమ దరఖాస్తు అసలు పెట్టలేదంటే చూపించడానికి ఏమీ లేక నిలబడిపోయారు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఫారంతో పాటు కనీసం రెండు ఆధారాలు ఇవ్వాలి. ఏవి ఆధారాలో ఈ చట్టం కింద చేసిన నియమాల్లో 13వ నియమం చెబుతుంది. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు అందులో ఉన్నాయి. కానీ అవి మీరు ఆ ఊళ్లో ఉంటున్నారని చెబుతాయి, ఫలానా చెలక (మెట్ట చేను) మీదేనని చెప్పవు. అందుకే భూమిని నేరుగా చూపే ఆధారం కావాలి. చాలామంది ఇక్కడే భయపడి మధ్యవర్తి చేతిలో పడతారు. అవసరం లేదు. అదే నియమంలో రెండు ఆధారాలున్నాయి. ఒకటి, భూమి మీద కనిపించే గుర్తులు: గట్లు, చదును చేసిన నేల, ఏరి పోసిన రాళ్ల కుప్పలు, బావి, గుడిసె. రెండోది, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం, రాతపూర్వకంగా. స్టాంపు పేపరు, నోటరీ అన్న మాటే నియమాల్లో లేదు. తెల్లకాగితం చాలు. రాయడం ఎలాగన్నదే ముఖ్యం.

ఆ గూడెంలో మేం మళ్లీ రాయించిన వాంగ్మూలాల్లో ఒక పెద్దావిడది దాదాపు ఇలా ఉంది: ‘నా వయసు 70 దాటింది. ఈ గూడెంలోనే పుట్టాను. గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది, పంటలు పోయాక, వీళ్ల నాయన ఈ చెలక కొట్టాడు. మొదటి దుక్కి నా ఎడ్లతోనే దున్నాం. తూర్పున పెద్ద ఇప్పచెట్టు, పడమర వాగు, ఉత్తరాన మా తమ్ముడి చెలక, దక్షిణాన రాళ్ల గుట్ట. మొదట జొన్న, కంది వేసేవాళ్లు. ఇప్పుడు పత్తి వేస్తున్నారు. నడుమ ఎప్పుడూ బీడు పెట్టలేదు.’

ఆమెకు సంవత్సరం గుర్తులేదు. కానీ పెద్ద వరద గుర్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది 1986 ఆగస్టులో. ఆ ఏడాదిని మేం పక్కన రాశాం. సంవత్సరం చెప్పలేని పెద్దవాళ్లను ‘1986లోనా, 1990లోనా’ అని అడిగితే టెన్షన్ పడి ఏదో ఒకటి అనేస్తారు. అలా కాకుండా వరద, కరువు, పెద్దకొడుకు పుట్టుక, ఊరికి కరెంటు వచ్చిన ఏడాది, ఇలా వాళ్ల జ్ఞాపకంలో ఉన్నదాన్ని పట్టుకుని అడగండి. అంత నిజంగా చెప్పిన మాటను ఎదురు ప్రశ్నలేసినా తోసిపుచ్చలేరు.

వాంగ్మూలంలో చెప్పే మనిషి పేరు, వయసు, ఊరు, ఆ భూమితో ఆ మనిషికి ఉన్న ఎరుక, ఎప్పటి నుంచి సాగు, నాలుగు హద్దులు, పంటలు ఉండాలి. వాళ్ల మాటల్లోనే రాసి, చదివి వినిపించి, కోయ మాట్లాడేవాళ్లకు కోయలో చెప్పి, అప్పుడు వేలిముద్ర వేయించండి. రాసినవాళ్ల సంతకం కూడా ఉండాలి. అదే భూమికి ఉమ్మడిగా దరఖాస్తు పెట్టిన తండ్రినో అన్ననో సాక్షిగా పెట్టకండి. దరఖాస్తుదారు కాని పెద్దలే కావాలి. వీలైతే ఇద్దరితో రాయించండి, కానీ ఇద్దరి మాటలూ ఒకేలా ఉండేలా దిద్దకండి. ఇద్దరు మనుషులు ఒకే సంగతిని రెండు రకాలుగానే గుర్తుంచుకుంటారు, అందులో తప్పేం లేదు.

ఇంకొకటి. గతంలో ఫారెస్టువాళ్లు పోడు కేసు పెట్టి జరిమానా వేసిన రసీదులను జనం భయంతో పెట్టె అడుగున దాచేస్తారు. ఒక తాత తాటాకు బుట్టలోంచి మడతలు పడిన 1998 నాటి రసీదు తీసి, ‘ఇది చూపితే జైల్లో పెడతారేమో’ అని అడిగాడు. చూపాల్సింది అదే. ఆ రోజు ఆయన ఆ భూమిలో ఉన్నాడని ప్రభుత్వమే రాసిచ్చిన కాగితం అది. అలాంటి రసీదు ఉంది కాబట్టో, లేదు కాబట్టో, ఆ ఒక్క కారణంతో దరఖాస్తు కొట్టేయకూడదని నియమాలే చెబుతున్నాయి.

‘శాటిలైట్ ఫొటోలో మీ భూమి అడవిలా కనిపిస్తోంది’ అని వెనక్కి పంపినవాళ్లూ ఉన్నారు. ఇప్పచెట్లూ తాటిచెట్లూ ఉంచుకుని సాగు చేసే చెలకలు పైనుంచి చూస్తే అలాగే కనిపిస్తాయి. 2012లో సవరించిన నియమాల ప్రకారం శాటిలైట్ చిత్రం మిగతా ఆధారాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. ఫలానా కాగితమే తేవాలని అధికారులు పట్టుబట్టకూడదు. ఈ మాట మర్యాదగా, గట్టిగా చెప్పండి.

తర్వాత క్షేత్ర పరిశీలన. కమిటీ ముందుగా మీకూ, ఫారెస్టు శాఖకూ కబురు పెట్టి భూమి మీదికి వస్తుంది. ఆ రోజు కూలికి పోకుండా అక్కడే ఉండండి, వాంగ్మూలం ఇచ్చిన పెద్దమనిషిని తీసుకెళ్లండి, హద్దులు కాళ్లతో నడిచి చూపించండి. ఫారెస్టు, రెవెన్యూ వాళ్లు వచ్చి సంతకాలు పెట్టాలి. వాళ్లు రాకపోయి తర్వాత అభ్యంతరం చెబితే దరఖాస్తు మళ్లీ గ్రామసభకు వస్తుంది. రెండోసారీ రాకపోతే పరిశీలనపై గ్రామసభ మాటే ఖాయం.

ఆ మీద గ్రామసభ తీర్మానం. కోరం చూసుకోండి. సభ్యుల్లో కనీసం సగంమంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి, దరఖాస్తుదారుల్లో సగంమందైనా రావాలి. హాజరు పట్టీలో సంతకాలు తక్కువపడితే మంచి తీర్మానం కూడా పైన నిలబడదు. తీర్మానం డివిజన్ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది.

తిరస్కరిస్తే కారణాలు రాసి, ఆ నిర్ణయాన్ని మీకు స్వయంగా అందజేయాలి. ‘మీది పోయిందట’ అని ఎవరో సంతలో చెబితే అది తిరస్కరణ కాదు. కాగితం అందిన రోజు దాని మీదే తేదీ రాసుకోండి. ఆ రోజు నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. కమిటీ అనుకుంటే ఇంకో 30 రోజులు ఇవ్వవచ్చు. మీ మాట వినకుండా అర్జీ కొట్టేయకూడదు. ఈ పరిశీలనంతా పూర్తయ్యేదాకా భూమి నుంచి ఖాళీ చేయించకూడదని చట్టంలో 4వ సెక్షన్ చెబుతోంది.

పట్టా వచ్చాక ఆ భూమి పిల్లలకు వారసత్వంగా వెళ్తుంది. అమ్మడానికీ, వేరేవాళ్ల పేరు మీద మార్చడానికీ కుదరదు. కొనుక్కుంటామని ముందే అడ్వాన్సు చేతిలో పెట్టే బయటివాళ్లు మీ ఊరికీ వస్తారు. డబ్బు తీసుకోకండి, ఏ ఖాళీ కాగితం మీదా వేలిముద్ర వేయకండి.

ఆ గూడెం వాళ్ల ఫైళ్లు కొత్త వాంగ్మూలాలతో మళ్లీ గ్రామసభకు వెళ్లాయి. ఈసారి ఒక్క కాగితానికీ ఎవరూ రూపాయి ఇవ్వలేదు.