విల్లుతో జింక వేట – 6వ పాఠం: గాలివాటం, బాణం వదిలాక ఓపిక

మా ఊళ్లో జొన్నచేనుకు మంచె ఉండేది. పగలు పిట్టల్ని, రాత్రి అడవిపందుల్ని తోలడానికి తాత దాని మీదే ఉండేవాడు. డబ్బా కొట్టేవాడు, కేకలు వేసేవాడు, చుట్ట వెలిగించేవాడు. తాను అక్కడ ఉన్నానని పందికి తెలియాలి, మంచె పని అదే. ఆగ్నేయ ఒహాయో కొండల్లో నేను ఎక్కే స్టాండూ మంచెలాంటిదే, నేల నుంచి 18 అడుగుల ఎత్తులో. పని మాత్రం తిరగబడింది. ఇక్కడ నేనున్నట్టు ఎవరికీ తెలియకూడదు.

గత ఐదు పాఠాల్లో విల్లు ఎంచుకోవడం, పెరట్లో గురి సాధన, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, రైతు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవడం, స్టాండ్ కట్టడం చూశాం. సెప్టెంబర్ చివర్లో మొదలైన సీజన్ ఫిబ్రవరి మొదటి ఆదివారంతో ముగిసింది. చెట్టెక్కిన ప్రతి పూటా దిగగానే నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాసుకున్నాను: గాలి ఎటు, ఏం కనిపించింది, ఏం చెడింది, ఎందుకు చెడింది. ఈ పాఠం ఆ నోట్‌బుక్ నుంచే.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక మాట మళ్లీ చెప్పాలి. ఈ పాఠాలు అమెరికాలో లైసెన్సు, పర్మిట్ తీసుకుని వేటాడేవాళ్లకి మాత్రమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం, అది అలా ఉండటమే సరైనది. ఇక్కడి పరిస్థితి వేరు. 1900ల మొదట్లో ఒహాయోలో తెల్లతోక జింక కనిపించకుండా పోయింది. తర్వాత కాపాడి, పెరగనిచ్చి, 1943లో మూడు కౌంటీల్లో మాత్రం మళ్లీ వేట తెరిచారు. ఇప్పుడు తోడేళ్లు లేని ఈ అడవుల్లో జింకల సంఖ్యను అదుపులో ఉంచే ముఖ్యమైన దారి వేటే. మనం కొనే విల్లు, బాణాల మీద పడే ఎక్సైజ్ పన్ను కూడా రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. 1937లో తుపాకులు, తూటాలతో మొదలైన ఆ పన్ను చట్టంలోకి విల్లును చేర్చిందీ 1972లోనే. ఒకే ఏడాది రెండు దేశాలు అడవి జంతువుల గురించి రెండు రకాలుగా ఆలోచించాయి. రెండూ వాటి మేలు కోరే.

ముందు గాలి

చెట్టెక్కితే జింక కంటి నుంచి కొంత తప్పించుకోగలం. ముక్కు నుంచి తప్పించుకోలేం. ఎత్తులో ఉంటే వాసన దాని తల మీదుగా పోతుందని చాలామంది అంటారు. చల్లటి సాయంత్రం అది నిజం కాదు. బరువెక్కిన గాలి మన వాసనను చెట్టు మొదట్లోకే దించుతుంది.

గాలిని చూడటానికి నేను వాడేది మిల్క్‌వీడ్ దూది. చిన్నప్పుడు జిల్లేడు కాయ పగిలి ఎగిరే దూది వెంట పరిగెత్తాం కదా, ఇది ఆ కుటుంబపు మొక్కే. సెప్టెంబర్ చివర్లో, కాయ పగలబోయే ముందు నాలుగైదు కోసి కాగితం సంచిలో ఆరబెట్టుకుంటే సీజన్ మొత్తానికి సరిపోతాయి. షాపుల్లో అమ్మే పౌడర్ సీసా నొక్కితే చేతి దూరం వరకే గాలి తెలుస్తుంది. దూది పింజ ఒకటి వదిలితే అది 50 గజాలు వెళ్లేదాకా కళ్లతో వెంబడించవచ్చు. మధ్యలో ఎక్కడ వంపు తిరిగింది, ఎక్కడ ఆగింది, ఎక్కడ పైకి లేచింది అన్నీ కనిపిస్తాయి.

అక్టోబర్ రెండో వారంలో ఒక పొద్దున జరిగింది చెబుతాను. నా స్టాండ్ తూర్పుకి వాలిన కొండ అడుగున, వాగు పక్కన ఉంది. జింకల బాట నాకు పడమర వైపు, కొండ మీద కొంచెం పైన. ఫోన్‌లో పడమటి గాలి, గంటకు 4 మైళ్లు అని చూపించింది. అంటే నా వాసన వాగు వైపు పోవాలి. చీకట్లో వదిలిన దూది అలాగే కిందికి జారి వాగు దాటింది. ఎనిమిదిన్నరకు ఎండ కొండ వాలు మీద పడింది. దూది వదిలితే నా ముందే గాల్లో నిలబడింది. ఇంకో పది నిమిషాలకు వదిలింది మెల్లగా పైకి లేచి నేరుగా బాట వైపు వెళ్లింది. చూశాను, తెలిసింది కూడా, అయినా కూర్చున్నాను. కాసేపటికి ఒక ఆడ జింక, రెండు పిల్లలు ఆ బాట మీద వచ్చాయి. తల్లి ఆగింది, ముక్కు ఎత్తింది, ముందు కాలితో నేల తన్నింది. తర్వాత గట్టిగా బుస్సుమని తెల్ల తోక పైకెత్తి పోయింది. ఆ తర్వాత మూడు వారాల పాటు పగటిపూట ఆ బాట మీద ఏ జింకా కనిపించలేదు.

కారణం ఇది. రాత్రంతా చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. ఎండ తగలగానే వాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. సాయంత్రం నీడ పడగానే మళ్లీ కిందికి. గంటకు పది మైళ్లు దాటిన గాలి ఉంటే దాని మాటే చెల్లుతుంది. మూడు, నాలుగు మైళ్ల గాలి ఉన్న రోజు ఎండదే పైచేయి. అందుకే కొండ ప్రాంతంలో ఎండ ఎక్కాక కూర్చునే పొద్దుటి స్టాండ్ బాటకు పైన ఉండాలి, సాయంత్రం స్టాండ్ బాటకు కింద. ఎండ తగలకముందు పొద్దున కూడా గాలి కిందికే పోతుందని మరిచిపోకండి, పై స్టాండ్‌కి ఎండ తగిలే వేళకే వెళ్లాలి, అదీ బాటకు దూరంగా చుట్టూ తిరిగి. దూది ఆగిపోయిందంటే అప్పుడే దిగిపోవాలి. ఆ పూట పోయినా స్టాండ్ మిగులుతుంది.

బట్టల గురించి రెండు మాటలు. మన ఇళ్లలో తాలింపు వాసన తలుపు వెనక తగిలించిన జాకెట్‌కి ఎంతగా పడుతుందో మనకు తెలియదు, అలవాటైపోయి ఉంటాం. వేట బట్టల్ని గ్యారేజ్‌లో మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బట్టల్ని తళతళలాడించే డిటర్జెంట్ వాడొద్దు. వాసన లేని సబ్బులు, స్ప్రేలు కొంత సాయం చేస్తాయి. గాలి తప్పు వైపు ఉంటే మాత్రం అవేవీ కాపాడవు.

ఎక్కడ కూర్చోవాలి

దీని మీద విడిగా ఒక పాఠం ఉంటుంది, ఇప్పుడు క్లుప్తంగా. సీజన్ మొదట్లో తిండి దగ్గర. ఓక్ చెట్లలో ఆకు అంచులు గుండ్రంగా ఉండేవి వైట్ ఓక్ రకం, మొనదేలి ఉండేవి రెడ్ ఓక్ రకం. వైట్ ఓక్ కాయలో వగరు తక్కువ, జింక ముందు దాన్నే వెతుక్కుంటుంది. పెర్సిమన్ చెట్టు కనిపిస్తే గుర్తు పెట్టుకోండి. అది మన తునికి చెట్టుకి దగ్గరి బంధువు, రాలిన పండు కోసం జింకలు రోజూ వస్తాయి. నవంబర్‌లో జత కట్టే కాలం వస్తుంది. అప్పుడు మగవి ఆడవాటి వెంటే తిరుగుతాయి కాబట్టి రెండు అడవి ముక్కల్ని కలిపే ఇరుకు దారుల్లో కూర్చోవాలి, వీలైతే మధ్యాహ్నం కూడా. మంచు పడ్డాక మళ్లీ తిండే. కోత కోయగా మిగిలిన మొక్కజొన్న చేల అంచులు చూడండి.

విల్లు ఎప్పుడు లాగాలి, ఎక్కడ గురి పెట్టాలి

జింక కన్ను చెట్టు మాను వెనక్కి వెళ్లినప్పుడు లాగాలి. అది తల దించి మేస్తున్నప్పుడు కూడా కన్ను బయటే ఉంటుంది, ఆ భ్రమలో పడొద్దు. 60 పౌండ్ల కాంపౌండ్ విల్లు (కొనల్లో చక్రాలుండి, లాగాక బరువు తగ్గే విల్లు) పూర్తిగా లాగాక, 80 శాతం తగ్గింపు ఉంటే చేతి మీద 12 పౌండ్లే ఉంటుంది. నిమిషం పట్టుకోవచ్చు. కాబట్టి తొందరపడి లాగక్కర్లేదు, లాగాక తొందరపడి వదలక్కర్లేదు.

ఎత్తు వల్ల దూరం మారిపోతుందని కొత్తవాళ్లకి టెన్షన్ ఉంటుంది. లెక్క చూడండి. 20 అడుగుల ఎత్తు నుంచి 20 గజాల దూరంలోని జింకకు వాలు దూరం 21 గజాలు. ఒక్క గజమే తేడా. అసలు సమస్య వేరే చోట ఉంది. కిందికి గురి పెట్టడానికి చేయి ఒక్కటే దించితే, పెరట్లో మీరు నేర్చుకున్న భంగిమ చెడుతుంది. ముందు నిటారుగా లాగి, తర్వాత నడుము దగ్గర వంగండి. రెండోది, పై నుంచి బాణం ఏటవాలుగా దిగుతుంది. ఎక్కడ తగులుతుందని కాదు, అవతలి వైపు ఎక్కడ బయటికి రావాలో చూసుకోవాలి. రెండు ఊపిరితిత్తుల్లోంచి పోవాలి. జింక పక్కకు నిలబడినా, కొంచెం అటు తిరిగి వెళ్తున్నా వదలవచ్చు. మన వైపు తిరిగి ఉన్నా, సరిగ్గా చెట్టు కింద ఉన్నా వదలకూడదు. మినహాయింపు లేదు.

ఉలిక్కిపడిన జింక మీద కూడా వదలకూడదు. బాణం వేగం సెకనుకు 270 అడుగులు అనుకుంటే 60 అడుగులు దాటడానికి 0.22 సెకన్లు పడుతుంది. వింటినారి చప్పుడు 0.05 సెకన్లలోనే దాని చెవిన పడుతుంది. పారిపోవడానికి అది ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించుతుంది. మిగిలిన ఆ కొద్ది సమయం దానికి చాలు.

బాణం వదిలాక

ఈ సీజన్‌లో నేను రెండు బాణాలే వదిలాను. మొదటిది అక్టోబర్ మూడో వారంలో, సాయంత్రం, 24 గజాల దూరంలో. ఆ ఆడ జింక అప్పటికే తల ఎత్తి నా చెట్టు వైపు చూస్తోంది. పైన రాసింది నాకు అప్పటికే తెలుసు. అయినా వదిలాను. అది కిందికి ఒంగి తిరిగింది, బాణం ఒంటి వెనక భాగంలో తగిలింది. వీపు వంచి మెల్లగా నడుచుకుంటూ పొదల్లోకి వెళ్లింది. దిగి బాణం చూస్తే ఆకుపచ్చ మరక, పేడ వాసన. పేగుకు తగిలిందని అర్థం. అలాంటప్పుడు కనీసం ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదిలించకూడదు. రాత్రికి వాన వస్తుందని ఫోన్ చెబుతోంది, రక్తపు జాడ కొట్టుకుపోతుందని భయపడ్డాను. నలభై నిమిషాలకే టార్చ్ పట్టుకుని వెళ్లాను. 60 గజాల దూరంలో పడుకుని ఉన్నది లేచి పరిగెత్తింది. ఆ తర్వాత చుక్క రక్తం కూడా దొరకలేదు. పక్క పొలం యజమానిని అడిగి రెండు రోజులు వెతికాను. దొరకలేదు.

ఆ రాత్రి నేను ఇంటికి వెళ్లి పడుకుని ఉంటే, వాన పడినా అది బహుశా అక్కడే ఉండేది. కదిలించకపోతే పేగుకు తగిలిన జింక సాధారణంగా దూరం పోదు. జాడ లేకపోయినా పొద్దున వరసలుగా నడిచి వెతికితే దొరికే అవకాశం ఉంది. వాన భయం కంటే లేపేస్తామన్న భయం పెద్దదిగా ఉండాలి. అది ఎంత నొప్పితో పోయి ఉంటుందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఇది మీకు దాచకుండా చెప్పకపోతే నేను పాఠాలు రాయకూడదు.

కాబట్టి నారి వదిలిన క్షణం నుంచి చేయాల్సింది ఇది. కదలకండి. బాణం తగిలినప్పుడు జింక ఎక్కడ నిలబడి ఉందో, చివరిసారి ఏ చెట్టు దగ్గర కనబడిందో గుర్తు పెట్టుకోండి. టైమ్ చూసుకోండి. చెట్టు మీదే అరగంట కూర్చోండి. తర్వాత చప్పుడు లేకుండా దిగి బాణం చూడండి. లేత ఎరుపు రంగు, నురగ ఉంటే ఊపిరితిత్తులు, వెళ్లవచ్చు. ముదురు ఎరుపు, నురగ లేకపోతే కాలేయం కావచ్చు, కనీసం నాలుగు గంటలు. ఆకుపచ్చ మరక ఉంటే మరుసటి రోజు వరకు. అనుమానంగా ఉంటే ఎక్కువ సమయమే. జాడ మీద నడిచేటప్పుడు ప్రతి మరక దగ్గర టిష్యూ కాగితం ముక్క పెట్టండి, తప్పిపోతే వెనక్కి చూసి వరస పట్టుకోవచ్చు. రక్తం పైన కాదు, పక్కన నడవండి.

రెండో బాణం నవంబర్ రెండో వారంలో, 17 గజాల దూరంలో, అటు తిరిగి మేస్తున్న ఆడ జింక మీద. తగలగానే వెనక కాళ్లు ఎగదన్ని పరిగెత్తింది. పడిన చప్పుడు విన్నాననే అనిపించింది. అయినా నలభై నిమిషాలు కూర్చున్నాను, వణుకుతూ. 80 గజాల దూరంలో ఆకుల మీద పడి ఉంది.

ఎక్కడం, దిగడం

వేటలో ప్రమాదాలకు ప్రధాన కారణాల్లో ఒకటి చెట్టు మీద నుంచి పడటం. కాళ్లు నేల వదిలినప్పటి నుంచి మళ్లీ నేల తగిలేదాకా ఒంటికి కట్టుకున్న హార్నెస్ పట్టీలు, చెట్టుకు కట్టిన లైఫ్‌లైన్ తాడుకి తగిలించే ఉండాలి. పైకి చేరాక తగిలించుకుంటే చాలదు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే పట్టు తప్పుతుంది. విల్లును చేత్తో మోసుకెళ్లకండి, పైకి వెళ్లాక తాడుతో లాక్కోండి, ములుకుల మీద తొడుగు ఉండాలి. ఏడాది పొడవునా చెట్టుకే వదిలేసిన పట్టీలు వాడొద్దు. ఈసారి నా పాత స్టాండ్ పట్టీని ఉడత సగానికి కొరికేసింది, కింది నుంచి చూస్తే కనిపించలేదు. ఎక్కడ కూర్చుంటున్నారో, ఎన్నింటికి దిగుతారో ఇంట్లో రాసి పెట్టి వెళ్లండి.

ఈ నెల అభ్యాసం

ఆకులు లేవు, చిగుళ్లు ఇంకా రాలేదు. బాటలు ఇంత స్పష్టంగా మళ్లీ శీతాకాలం దాకా కనిపించవు. మీకు అనుమతి ఉన్న భూమిలో ఒక రోజంతా నడవండి. రాలిపోయిన కొమ్ములు దొరుకుతాయేమో చూడండి. మన కృష్ణజింక కొమ్ములు రాలవు, ఈ తెల్లతోకవి ఏటా రాలి మళ్లీ మొలుస్తాయి. జింక పడుకున్న గుంట కనిపిస్తే దాని పక్కన నేల మీద కూర్చుని, అది ఎటు చూస్తూ పడుకుందో మీరూ అటే చూడండి. వెనక నుంచి గాలి ఎలా వస్తుందో, ముందు ఎంత దూరం కనిపిస్తుందో రాసుకోండి. పొద్దున ఏడుకి, పదికి, సాయంత్రం అయిదుకి ఒకే చెట్టు దగ్గర మూడుసార్లు దూది వదిలి, అది వెళ్లిన దారిని మ్యాప్ మీద మూడు రంగులతో గీయండి. ఏడో పాఠానికి ఆ మ్యాప్ మీ ముందు ఉండాలి, మొదటి స్టాండ్ ఏ చెట్టుకి కట్టాలో దాని మీదే చూద్దాం.