పెరిమెనోపాజ్ గురించి వీడియో కాల్‌లో డాక్టర్‌తో మాట్లాడే ముందు ఎలా సిద్ధం కావాలి?

నలభై దాటాక నెలసరి తేదీలు అటూ ఇటూ అవుతాయి. డిసెంబరు చలికి బెంగళూరంతా స్వెటర్లు వేసుకుంటే, మనకు మాత్రం ఛాతీ నుంచి ముఖం దాకా ఒక్కసారిగా ఆవిర్లు కమ్ముతాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ కన్ను మూత పడదు. ఒక్కొక్కటిగా వచ్చినప్పుడు "పని ఎక్కువైంది, ఆఫీసు టెన్షన్" అని సర్ది చెప్పుకుంటాం. నెలసరి పూర్తిగా ఆగిపోయే ముందు కొన్నేళ్లపాటు హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉండే ఈ దశే పెరిమెనోపాజ్. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. మన దేశంలో చాలామందికి అది 46, 47 ఏళ్ల ప్రాంతంలో వస్తుంది. కాబట్టి నలభైల మొదట్లోనే ఈ మార్పులు కనిపిస్తే వింతేమీ లేదు.

వైట్‌ఫీల్డ్ నుంచో మారతహళ్లి నుంచో ట్రాఫిక్‌లో పడి వెళ్లి, ఆసుపత్రిలో టోకెన్ పట్టుకుని కూర్చోవడం కంటే వీడియోలో మాట్లాడటం సుఖమే. కాకపోతే అక్కడ డాక్టర్ మీ నాడి పట్టుకోలేరు, పొట్ట నొక్కి చూడలేరు. ఆ పది పదిహేను నిమిషాల్లో వాళ్లకు ఆధారం మీరు చెప్పే మాటలే. కాల్‌కు రెండు మూడు వారాల ముందు నుంచే కొంచెం సిద్ధపడితే ఆ కాస్త సమయమూ మీకు పనికొస్తుంది.

1. ఏ భాషలో మాట్లాడాలో ముందు తేల్చుకోండి

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, రిజిస్టర్ అయిన డాక్టర్ దేశంలో ఏ మూలనున్న పేషెంట్‌నైనా ఇలా చూడవచ్చు. అంటే మీరు కె.ఆర్.పురంలో ఉన్నా, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్న గైనకాలజిస్టుతో మాట్లాడొచ్చు. ఆఫీసు పనంతా ఇంగ్లిష్‌లో చక్కబెట్టేవాళ్లకు కూడా యోని పొడిబారడం గురించో, తుమ్మితే మూత్రం చుక్కలు పడటం గురించో పరాయి భాషలో చెప్పడం కష్టం. అందుకే తెలుగు వచ్చిన డాక్టర్ దొరికితే వదులుకోవద్దంటాను. పరీక్ష కోసం నేరుగా రమ్మంటే బెంగళూరులో ఎక్కడ చూపించుకోవాలో మాత్రం ముందే అనుకుని ఉంచండి. ఫీజు భారమైతే, ఆన్‌లైన్‌లో డాక్టర్‌తో మాట్లాడించే ప్రభుత్వ ఇ-సంజీవని సేవ ఉచితం.

2. ఒక నోట్‌బుక్ పెట్టండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ఫోన్‌లో రాసుకున్నా సరే, క్యాలెండర్ మీద రాసినా సరే. "చాలా బ్లీడింగ్ అవుతోంది", "నిద్ర లేదు" అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. ఇలా ఉండాలి:

"12: నెలసరి మొదలు, పోయిన నెల కంటే తొమ్మిది రోజులు ముందే. 13: గంటన్నరకో ప్యాడ్ మార్చాను, గడ్డలు పడ్డాయి. 15: రాత్రి రెండింటికి చెమటకు నైటీ తడిసి మార్చుకున్నాను. 19: చపాతీలు చేస్తుంటే గుండె దడ, రెండు నిమిషాల్లో తగ్గింది. 20: మీటింగ్‌లో తెలిసిన పేరే గుర్తు రాలేదు."

బ్లీడింగ్ సంగతి ఇంకాస్త వివరంగా రాయండి. ఎన్ని రోజులు అయింది, ఎక్కువైన రోజున ఎన్ని ప్యాడ్లు మార్చారు, గడ్డలు పది రూపాయల నాణెం కంటే పెద్దవా, రెండు నెలసరుల మధ్యలో గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించిందా? వయసుతో వచ్చే మార్పేనా, గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలో మరొకటో ఉన్నాయేమో స్కాన్ చేయించాలా అన్నది డాక్టర్ వీటిని బట్టే ఆలోచిస్తారు.

చిరాకు, ఊరికే ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం కూడా రాయండి. అవి మీ స్వభావం మారిపోయి వచ్చినవి కావు. హార్మోన్ల ఒడిదుడుకులకు, నిద్ర లేమికి వాటిలో వాటా ఉంటుంది.

3. అమ్మకు ఫోన్ చేయండి

అమ్మకు, అక్కలకు నెలసరి ఏ వయసులో ఆగిందో అడగండి. మీకు ఎప్పుడు ఆగవచ్చో దాన్ని బట్టి కొంత అంచనా దొరుకుతుంది. మనవాళ్లలో ఇక్కడే ఒక చిక్కుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఆంధ్ర, తెలంగాణల్లో దేశ సగటు కంటే బాగా ఎక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలే చెబుతున్నాయి. "నాకు ముప్పై ఆరేళ్లకే ఆపరేషన్ అయిపోయిందమ్మా, ఆగడమేంటో నాకేం తెలుసు" అని అమ్మో పిన్నో అంటే, ఎందుకు తీశారు, అండాశయాలు ఉంచారా అని కూడా అడగండి. చాలామందికి తెలియదు. పాత డిశ్చార్జ్ కాగితం బీరువాలో ఉంటే ఫొటో తీసి పంపమనండి. రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, చిన్న వయసులో గుండెపోటు ఇంట్లో ఎవరికైనా వచ్చాయా అన్నదీ ఆ ఫోన్‌లోనే కనుక్కోండి.

మీకే గర్భసంచి తీసేసి ఉంటే నెలసరి గుర్తు ఇక ఉండదు. కానీ అండాశయాలు ఉన్నాయంటే పెరిమెనోపాజ్ రాక తప్పదు. అప్పుడు ఆవిర్లు, నిద్ర, మూత్ర సమస్యల గురించి రాసుకున్నదే ఆధారం.

4. మందులన్నీ ఒకచోట పెట్టి ఫొటో తీయండి

థైరాయిడ్, బీపీ, షుగర్ మాత్రలు సరే. ఆయుర్వేద లేహ్యం, క్యాల్షియం, ఎవరో చెబితే తెప్పించిన పొడి కూడా పెట్టండి. వ్రతానికో తిరుమల ప్రయాణానికో నెలసరి వాయిదా పడేలా మాత్రలు వేసుకుని ఉంటే అదీ చెప్పాలి. అవీ హార్మోన్ మాత్రలే. ఆ నెల తేదీలు వాటి వల్లే మారి ఉండొచ్చు.

5. రిపోర్టులు ఉన్నవి తీయండి, కొత్తవి తొందరపడి చేయించకండి

ఏడాదిలోపు చేయించిన హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), షుగర్, కొలెస్ట్రాల్ రిపోర్టులు, స్కాన్ ఉంటే ఒక ఫోల్డర్‌లో వేయండి. గుండె దడ, నీరసం రక్తహీనత వల్ల గానీ థైరాయిడ్ వల్ల గానీ కూడా వస్తాయి కాబట్టి ఇవి నిజంగా పనికొస్తాయి. ల్యాబ్ యాప్‌లో "హార్మోన్ ప్యాకేజీ" కనిపించగానే బుక్ చేయడం మాత్రం వద్దు. 45 దాటి లక్షణాలు స్పష్టంగా ఉంటే మామూలుగా ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పరీక్ష అక్కర్లేదు. ఈ దశలో ఆ అంకె తరచూ మారిపోతుంటుంది. 45 లోపే నెలసరి ఆగిపోయేలా ఉంటే, ముఖ్యంగా నలభై కూడా నిండకపోతే, పరీక్షల అవసరం వేరు. ఏవి చేయించాలో డాక్టర్ చెబుతారు.

బీపీ, బరువు మాత్రం కొత్తవి కావాలి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, పాదాలు నేలకు ఆనించి బీపీ చూసుకోండి. మిషన్ లేకపోతే దగ్గర్లోని క్లినిక్‌లో చూపించుకోండి.

6. చోటు చూసుకోండి

హాల్లో అత్తయ్యగారు, పక్క గదిలో ఆయన ఆఫీసు కాల్, మధ్యలో తలుపు తోసుకొచ్చే పిల్లలు. ఈ రెండు గదుల ఫ్లాట్లలో గుట్టుగా మాట్లాడటానికి చోటే దొరకదు. తలుపు వేసుకుని ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. కుదరకపోతే కార్లో కూర్చోండి, కానీ బేస్‌మెంట్‌లో సిగ్నల్ ఉండదు, పైకి తీసుకురండి. మీవారు పక్కన ఉంటే ధైర్యమనుకుంటే తప్పకుండా ఉండమనండి. మొదటి ఐదు నిమిషాలు మాత్రం ఒంటరిగా మాట్లాడండి. ఛార్జింగ్, మొబైల్ డేటా, పెన్ను, మందుల ఫొటో దగ్గరే ఉంచుకోండి.

7. మొదటి నిమిషంలో అసలు సంగతి చెప్పండి

"నాకు 44 ఏళ్లు. గర్భసంచి, అండాశయాలు ఉన్నాయి. ఆరు నెలలుగా నెలసరి ఒకసారి 22 రోజులకు, ఒకసారి 50 రోజులకు వస్తోంది. రాత్రి చెమటలకు లేచి కూర్చుంటున్నాను. బీపీ మాత్ర వాడుతున్నాను. ముందు నిద్ర సంగతి తేలాలి." ఇంత చాలు. సిగ్గనిపించే విషయాన్ని ఆఖరికి ఉంచకండి, అప్పటికి టైమ్ అయిపోతుంది.

అడగాల్సినవి రాసుకోండి. హార్మోన్ చికిత్స నాకు సరిపడుతుందా? గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వరు, ప్రొజెస్టరాన్ కూడా ఇస్తారు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, లివర్ జబ్బు వచ్చినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. హార్మోన్లు లేకుండా ఆవిర్లు తగ్గించే మందులున్నాయా? ఇంకా గర్భం వచ్చే అవకాశం ఉందా? ఉంది, నెలసరి సరిగా రాకపోయినా ఉంది. అందుకే ఏ జాగ్రత్త ఎంతకాలం తీసుకోవాలో అడగండి.

వీడియో కాల్ కోసం ఆగకూడని సందర్భాలు

గంటకో ప్యాడ్ తడిసిపోతూ తల తిరుగుతుంటే, ఏడాది ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే, రొమ్ములో గడ్డ తగిలితే నేరుగా వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రే కావాలంటే విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని వాణి విలాస్ ఉంది. ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

కాల్ అయ్యాక

మందుల చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. మందు మొదలుపెట్టిన తేదీని నోట్‌బుక్‌లో రాసి, అప్పటి నుంచి ఆవిర్లు, నిద్ర, బ్లీడింగ్ అలాగే రాస్తూ ఉండండి. నేరుగా వచ్చి చూపించుకోమని డాక్టర్ అంటే కాల్ వృథా అయిందనుకోవద్దు. ఆ నోట్‌బుక్, ఆ చీటీ పట్టుకునే వెళ్లండి, అక్కడ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు.