కలుపు పీకే ముందు: వయ్యారిభామ, దూలగొండి, జిల్లేడు విషయంలో జాగ్రత్తలు

వానలు పడ్డాక గుంటూరు శివారు ఖాళీ స్థలాల్లోనూ పొలం గట్ల మీదా వయ్యారిభామ నడుమెత్తు పెరుగుతుంది కాబట్టి, శుభ్రం చేయడానికి దిగే ముందు ఈ కొన్ని విషయాలు చూసుకోవాలి.

వయ్యారిభామను ఒట్టి చేతులతో పీకకూడదు. 1950లలో పుణెలో కనిపించి దేశమంతటా వ్యాపించిన ఈ మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనం కొందరికి అలర్జీ కలిగిస్తుంది. ఆ అలర్జీ ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలకపోవచ్చు, ఆ తరువాత మొక్కను తాకకపోయినా గాలిలో తేలే ఎండుపొడికే చర్మం దద్దురెక్కుతుంది. రబ్బరు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. కూలికి వచ్చినవారికి వీటిని పని చేయించేవారే ఇవ్వాలి; రోజంతా ఆ మొక్కల మధ్య ఉండేది వారే.

పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడే పీకాలి. వేరుతో సహా వస్తుంది, పుప్పొడి లేవదు.

దద్దు ఒకటి రెండు రోజుల తరువాత బయటపడవచ్చు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి దురద పెడితే, చెమటపొక్కులని సరిపెట్టుకోకుండా చర్మవైద్యునికి చూపించాలి.

దూలగొండి నూగు తగిలితే రుద్దకూడదు. దురద వెంటనే మొదలవుతుంది, రుద్దితే నూగు మరింత గుచ్చుకుంటుంది. అంటుకునే టేపుతో తీసి సబ్బుతో కడగాలి.

జిల్లేడు పాలు కంట్లో పడితే నొప్పి లేకపోయినా చూపు మసకబారవచ్చు. ధారగా నీటితో కడిగి, అదే రోజు కంటి వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

పని బట్టలను విడిగా ఉతకాలి.

ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.