థ్రెడ్లు పెంచితే ప్రోగ్రాం వేగం నిజంగా పెరుగుతోందా? కొలిచి చూడటం ఎలా?

మే నెల, కర్నూలు, మధ్యాహ్నం రెండు గంటలు. తూకం చిట్టాలు లెక్కగట్టే నా ప్రోగ్రాం 4 థ్రెడ్లతో (థ్రెడ్ అంటే ప్రోగ్రాంలో మిగతావాటితో పాటు ఒకేసారి నడిచే ఒక పని పాయ) కన్నా 8 థ్రెడ్లతో నిదానంగా నడిచింది. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. తీరా చూస్తే ల్యాప్‌టాప్ వేడెక్కి ప్రాసెసరే వేగం తగ్గించుకుంటోంది. తెల్లవారుజామున ఐదింటికి అదే ప్రోగ్రాం హాయిగా పరుగెత్తింది. అందుకే కొలతకు ముందు మిషన్ సంగతి చూడండి.

చార్జర్ పెట్టే ఉంచండి, బ్రౌజర్ మూసేయండి. వీలైతే టర్బో, అంటే ప్రాసెసర్ తనంతట తానే వేగం పెంచుకునే ఏర్పాటు, ఆపేయండి. ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగం) పనిచేసేటప్పుడు టర్బో దాన్ని మరీ వేగంగా నడుపుతుంది, అన్ని కోర్లూ పనిలో ఉంటే అంత వేగం ఇవ్వదు. దాంతో పోలికే చెడిపోతుంది. లినక్స్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ ఇస్తే అసలు కోర్లు ఎన్నో తెలుస్తుంది. 4 కోర్లే ఉండి 8 థ్రెడ్లు చూపిస్తుంటే, రెండేసి థ్రెడ్లు ఒకే కోర్‌ను పంచుకుంటున్నాయని అర్థం; 4 దాటాక రెట్టింపు వేగం ఆశించకండి.

తర్వాత పని పరిమాణం ఖాయం చేసుకోండి. అదే డేటాతో థ్రెడ్లు పెంచుతారా, థ్రెడ్లతో పాటు డేటా కూడా పెంచుతారా? ఇవి రెండు వేరు ప్రశ్నలు, కలపొద్దు. ఇక్కడ మొదటిదే చూద్దాం.

1, 2, 4, 8 థ్రెడ్లతో నడపండి. మొదటి రన్ లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత ఒక్కోదాన్ని ఐదుసార్లు నడిపి మధ్యస్థ విలువ రాసుకోండి. వరుస మార్చి మార్చి నడపండి, లేకపోతే వేడి భారమంతా చివరి రన్‌ల మీద పడుతుంది.

ఇక అసలు పని విశ్లేషణ. 1 థ్రెడ్‌కు 80 సెకన్లు, 4కు 25, 8కి 20 అనుకుందాం. వేగం 3.2 రెట్లు, తర్వాత 4 రెట్లు. థ్రెడ్ల సంఖ్యతో భాగిస్తే సామర్థ్యం 80 శాతం నుంచి 50కి పడింది. ఎందుకు?

మన ఉల్లి యార్డులో హమాలీలు ఎంతమంది ఉన్నా కాటా ఒక్కటే అయితే బస్తాలు అక్కడ ఆగాల్సిందే. ప్రోగ్రాంలోనూ ఒకరి తర్వాత ఒకరే చేయాల్సిన భాగం ఉంటుంది. అది 5 శాతమే ఉన్నా, ఎన్ని కోర్లు పెట్టినా వేగం 20 రెట్లు దాటదని 1967లో కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్డాల్ చేసిన వాదన నుంచి వచ్చిన సూత్రం చెబుతుంది.

ఆ భాగం ఎంతో మీ అంకెల నుంచే పట్టుకోవచ్చు. దీన్ని కార్ప్-ఫ్లాట్ కొలత అంటారు. 1ని వేగం రెట్లతో భాగించి, అందులోంచి 1/థ్రెడ్లు తీసేయండి. వచ్చినదాన్ని (1 − 1/థ్రెడ్లు)తో భాగించండి. పై లెక్కలో 4 థ్రెడ్లకు 8.3 శాతం, 8కి 14.3 శాతం వస్తుంది. ఈ అంకె ఎక్కడా మారకుండా ఉంటే తప్పు కాటాది, అంటే వరుసగా నడిచే కోడ్‌ది. ఇలా పెరుగుతూ పోతే థ్రెడ్లు ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయని అర్థం: లాక్‌లు (ఒక థ్రెడ్ వాడుతుంటే మిగతావి ఆగేలా చేసే తాళాలు), మెమరీ కోసం పోటీ, లేదా పైన చెప్పిన కోర్ల కొరత. నాకు ఈ ఒక్క అంకె చాలా గ్రాఫుల కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

ఆ అంకె పెరుగుతోందంటే లినక్స్‌లోని పెర్ఫ్ అనే పనిముట్టుతో సమయం ఎక్కడ పోతోందో చూడండి. నా ప్రోగ్రాంలో థ్రెడ్లన్నీ ఒకే మొత్తాన్ని లాక్ వేసి కూడుతున్నాయి. ఏ థ్రెడ్ మొత్తం దానికే ఇచ్చి, చివర్లో ఒక్కసారి కలిపాను. ఒక్క మార్పే చేసి, మళ్లీ తెల్లవారుజామునే అదే పట్టిక మొదటి నుంచి నింపాను.