కొత్త రైలు పటంలో తప్పులు పట్టడం ఎలా

ఆగ్నేయాసియా రైలు పటం కొత్తది రాగానే చూసిపెట్టమని నాకు పంపుతుంటారు. రైల్వే డ్రాయింగ్ ఆఫీసులో గీతలు గీసి రిటైరైనవాణ్ణి కదా. నాతో పాటు చూసేవారిలో కొందరు "పటం బాగుంది, అక్కడక్కడ తప్పులున్నాయి" అని రాసి ఊరుకుంటారు. ఏ తప్పు, ఎక్కడ? గీసినవాడు జ్యోతిష్కుడు కాదు.

ముందు పటం మూలన తేదీ, సంకేతాల పట్టిక చూడండి. గీత అంటే పట్టాలు ఉన్నాయనా, ప్రయాణికుల రైలు నడుస్తోందనా? ఇది తేలనిదే పెన్సిలు పట్టుకోవద్దు. థాయ్‌లాండ్ కొసన సుంగై కోలోక్ దగ్గర పట్టాలు వంతెన మీదుగా మలేసియాలోకి వెళతాయి. ప్రయాణికుల రైలు మాత్రం ఇవతలే ఆగిపోతుంది. కంబోడియా వైపు పోయ్‌పెట్ దగ్గర 2019లో పట్టాలు మళ్లీ కలిపారు, అయినా రోజువారీ ప్రయాణికుల రైలు హద్దు దాటలేదు. ఈ రెండు చోట్లా ప్రయాణికుల రైలు నడుస్తున్నట్టు ముదురు గీత కనిపిస్తే నమ్మి టికెట్టుకు బయల్దేరేవాడు ఇబ్బంది పడతాడు.

నేను సరిహద్దులు చూశాకే దేశాల లోపలికి వెళతాను. తప్పులు ఎక్కువగా దొరికేది సరిహద్దుల దగ్గరే. దిద్దుబాటు ఎలా రాయాలో లావోస్ రాజధాని వియంటియాన్‌తో చూపిస్తాను:

"పటంలో వియంటియాన్‌కు ఒకటే చుక్క ఉంది, రెండు కావాలి. థాయ్‌లాండ్ నుంచి వచ్చే మీటర్‌గేజి (పట్టాల మధ్య దూరం ఒక మీటరు) రైలు 2024 జులై నుంచి ఖమ్‌సవాత్ స్టేషన్ దాకా వస్తోంది. చైనా వైపు లైను 2021 డిసెంబరులో మొదలైంది; అది స్టాండర్డ్ గేజి (1,435 మిల్లీమీటర్లు), ప్రయాణికుల స్టేషన్ వేరు. ఒకదాని నుంచి మరొకదానికి రోడ్డు మీదే వెళ్లాలి. ఆధారం: రెండు రైల్వేల టైంటేబుళ్లు, చూసిన తేదీ ఫలానా."

చోటు, పటంలో ఉన్నది, ఉండవలసినది, ఎప్పటి నుంచి, ఎలా తెలుసు. ఇంతే. మీ అభిప్రాయం వేరే కాగితం మీద రాసుకోండి.

సికింద్రాబాద్–మన్మాడ్ మీటర్‌గేజి రైలెక్కిన తరానికి గేజి సంగతి చెప్పనక్కర్లేదు. థాయ్‌లాండ్, మలేసియాల పాత లైన్లు 1,000 మిల్లీమీటర్లు, జావావి 1,067. అరవై ఏడు మిల్లీమీటర్లే కదా అని రెంటికీ ఒకే రంగు వేసే పటాలున్నాయి. వదలకండి. జకార్తా నుంచి 2023లో మొదలైన హైస్పీడ్ రైలు 1,435 మీద నడుస్తుంది, బాండుంగ్ పాత స్టేషన్‌లోకి రాదు. పడలరంగ్‌లో దిగి ఊళ్లోకి తీసుకెళ్లే ఫీడర్ రైలు ఎక్కాలి. ఆ మార్పిడి గుర్తు పటంలో ఉందో లేదో చూడండి.

ఇక పోయిన లైన్లు. సింగపూర్‌లో తంజొంగ్ పగర్ స్టేషన్ 2011లోనే మూతపడింది, మలేసియా రైలు ఇప్పుడు సరిహద్దులోని ఉడ్‌లాండ్స్ దాటదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సైన్యం వేయించిన 415 కిలోమీటర్ల బర్మా లైను మీద ఇప్పుడు థాయ్ రైలు నామ్ తోక్ దాకానే వెళుతుంది. మలయా తోటల నుంచి తరలించిన తమిళ కూలీలతో పాటు మన తెలుగువాళ్లూ నలిగిన లైను అది. అందుకే చరిత్ర పటంలో పూర్తిగా ఉండాలంటాను. ప్రయాణ పటంలో మాత్రం బర్మా దాకా గీస్తే తప్పే.

అన్నీ రాశాక ప్రయాణికుణ్ణి తప్పుదారి పట్టించేవి పైన పెట్టండి. బ్యాంకాక్‌లో దూరపు రైళ్లు చాలావరకు 2023 జనవరిలో హువా లంఫోంగ్ స్టేషన్ నుంచి క్రుంగ్ థెప్ అఫివట్ స్టేషన్‌కు మారాయి. పటంలో అది లేకపోతే మొదటి వరుసలో రాయాలి. పేర్ల స్పెల్లింగులు చివర్లో. ఇంకా కడుతున్న లైన్ల గురించి పేపర్ వార్తలు కత్తిరించి పంపకండి. ప్రయాణికులు ఎక్కేదాకా అది చుక్కల గీతే.