ఫ్లిప్ ఫోన్‌తో రోజూ ఎలా మెలగాలి?

మాట్లాడటం అయిపోగానే ఫోన్ మూసినప్పుడు వచ్చే ఆ ‘టప్’ చప్పుడు నాకు చాలా ఇష్టం. ఇక ఈ పని అయిపోయింది, ఫోన్ పక్కన పెట్టు అని చెయ్యే చెప్పినట్టుంటుంది. మూడేళ్లుగా ఫ్లిప్ ఫోన్, అంటే మధ్యకి మడిచి మూసే ఫోన్, వాడుతున్నాను, మళ్లీ కొన్నా ఇదే కొంటాను. కానీ మామూలు ఫోన్ వాడినట్టు దీన్ని వాడితే ఏడాది తిరిగేసరికి బాధపడాల్సి వస్తుంది.

మడిచే ఫోన్లు కొత్తేం కాదు. మోటరోలా స్టార్‌టాక్ 1996లోనే వచ్చింది. అదే కంపెనీ నుంచి 2004లో వచ్చిన రేజర్ వీ3 అందాన్ని ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు. మూస్తే దాని మందం 13.9 మిల్లీమీటర్లు, బరువు 95 గ్రాములు. 2025లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్7 మూస్తే 13.7 మిల్లీమీటర్లు. మందంలో పాత రేజర్‌ను అందుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టిందన్నమాట. బరువు మాత్రం 188 గ్రాములు, అంటే దాదాపు రెట్టింపు. పాత ఫోన్లలో పైన తెర, కింద మీటలు, మధ్యలో కీలు ఉండేవి. ఇప్పటి ఫోన్లలో మడత పడేది తెరే. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావాటికి కారణం ఇదే.

1. కొనేముందు పది నిమిషాలు చేతిలో పట్టుకోండి

ఫొటోలు చూసి ఆర్డర్ పెట్టేయకండి. కొట్లో పెట్టిన ఫోన్‌ని ఇరవై సార్లు తెరిచి మూయండి. ఒంటి చేత్తో తెరవడం మీకు కుదురుతోందా? సగంలో ఆపితే అక్కడే నిలబడుతోందా, తల వాల్చేస్తోందా? మీరు రోజూ వేసుకునే బట్టల జేబులో పెట్టుకుని కూర్చుని చూడండి. పొడవు తగ్గినా మందం పెరుగుతుంది కాబట్టి బిగుతు జేబులో ఎత్తుగా తగులుతుంది.

తర్వాత బయటి తెర చూడండి. నా లెక్కలో మోడల్‌కీ మోడల్‌కీ అసలు తేడా ఇదే. 2020లో వచ్చిన మొదటి జెడ్ ఫ్లిప్ బయటి తెర 1.1 అంగుళాలు. టైమ్, నోటిఫికేషన్ చూడటానికి తప్ప పెద్దగా పనికిరాదు. 2023లో జెడ్ ఫ్లిప్5కి 3.4 అంగుళాలు, మోటరోలా రేజర్ 40 అల్ట్రాకి 3.6 అంగుళాలు వచ్చాయి. అక్కడి నుంచే ఫోన్ తెరవకుండా నిజంగా పని చేసుకునే వీలు కలిగింది. చవగ్గా వస్తోందని చిన్న బయటి తెర ఉన్న పాత మోడల్ తీసుకోవద్దని నా సలహా. ప్రతి చిన్న పనికీ తెరవాల్సి వచ్చి నెల తిరగకుండానే విసుగొస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొంటుంటే ఇంకా జాగ్రత్త. తెల్లటి బొమ్మ ఒకటి తెర నిండా పెట్టి మడత దగ్గర సన్నటి గీతలు, నల్ల చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఒక ఐకాన్‌ని వేలితో పట్టుకుని మడత మీదుగా పైకీ కిందికీ లాగండి. మధ్యలో జారిపోతే అక్కడ టచ్ దెబ్బతిందని అర్థం. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా తెరవండి. ఇసుక నలిగినట్టు కరకరమంటే ఆ ఫోన్ వదిలేయండి.

కొత్తదైనా పాతదైనా, లోపలి తెర మార్చడానికి ఎంతవుతుందో సర్వీస్ సెంటర్‌లో ముందే కనుక్కోండి. ఆ అంకె విన్నాక కూడా కొనాలనిపిస్తేనే కొనండి. ప్రమాదవశాత్తూ విరిగినా రిపేరు ఖర్చుకి చెల్లే బీమా ప్లాన్ ఉంటే, నేను మామూలుగా ఏ ఫోన్‌కీ చెప్పను గానీ, దీనికి మాత్రం తీసుకోమంటాను.

2. మొదటిరోజు: ఆ పొర పీకకండి

లోపలి తెర మీద ఒక ప్లాస్టిక్ పొర కంపెనీలోనే అంటించి వస్తుంది. కొత్త ఫోన్ మీద స్టిక్కర్ పీకే అలవాటు అందరికీ ఉంటుంది కాబట్టి చెబుతున్నాను, దీన్ని మాత్రం ముట్టుకోకండి. దాని కింద ఉన్న గాజు మొదటి జెడ్ ఫ్లిప్‌లో సుమారు 30 మైక్రాన్ల మందం, తల వెంట్రుక కంటే సన్నం. అంత సన్నగా ఉంటేనే గాజు వంగుతుంది. గీతలనీ దెబ్బలనీ తట్టుకునేది ఆ పొరే. దాని మీద బయట దొరికే టెంపర్డ్ గ్లాస్ అంటించకండి. వంగని గాజు మడత పడే తెరని పాడుచేస్తుంది.

ఫోన్ మూసి ఉండేలా పట్టి ఉంచేవి లోపలి అయస్కాంతాలు. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీన్ని చొక్కా పై జేబులో పెట్టుకోకూడదు. అయస్కాంత పట్టీ ఉన్న కార్డులు కూడా దీనికి ఆనించి ఉంచకండి.

3. తెరవడం, మూయడం నేర్చుకోండి

వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, తెర ఎన్నాళ్లు నిలుస్తుందన్నది దీని మీదే ఆధారపడి ఉంది. తెరిచేటప్పుడు రెండు అంచుల మధ్య గోరు దూర్చకుండా బొటనవేలి మెత్తటి భాగంతో పైకి నెట్టండి. మూసేటప్పుడు తెర మధ్యలో వేలు పెట్టి నొక్కకండి, రెండు సగాలనీ వెనక నుంచి పట్టుకుని దగ్గరికి తీసుకురండి. సినిమాల్లో చూపించినట్టు చెయ్యి విదిలించి మూయాలని అందరికీ ఉంటుంది. పాత మీటల ఫోన్‌తో ఎంతైనా చేయొచ్చు, దీనితో వద్దు.

మొదటి జెడ్ ఫ్లిప్‌ని 2 లక్షల మడతలకు పరీక్షించామని శాంసంగ్ చెప్పింది. రోజుకి వంద సార్లు తెరిచి మూసినా అయిదేళ్లు దాటుతుంది. కాబట్టి ఎన్నిసార్లు మూశామని టెన్షన్ పడక్కర్లేదు. అయితే అవి యంత్రంతో చేసిన మడతలు. మధ్యలో దుమ్ము లేదు, రొట్టె పొడి లేదు. మన జేబులో అన్నీ ఉంటాయి. మూసేముందు తెర మీద ఏదైనా నలుసు ఉందేమో ఒక్క క్షణం చూడండి. ఇసుక రేణువు ఒకటి మధ్యలో ఉండగా మూస్తే ఆ చోట నొక్కు పడి, అలాగే ఉండిపోవచ్చు.

నీటి సంగతిలో కొంత ధైర్యంగా ఉండొచ్చు, దుమ్ము సంగతిలో ఉండకూడదు. పెట్టె మీద ఐపీఎక్స్8 అని ఉంటే 8 అనేది నీటికి, ఎక్స్ అంటే దుమ్ముకి రేటింగ్ లేదని. జెడ్ ఫ్లిప్6కి వచ్చిన ఐపీ48లో 4 అంటే 1 మిల్లీమీటర్ కంటే పెద్ద నలుసుల్ని మాత్రమే ఆపుతుందని. సన్నటి ఇసుక అంతకంటే చిన్నది. అందుకే సముద్రం ఒడ్డుకి వెళ్తే జిప్ ఉన్న కవర్లో పెట్టుకుని వెళ్లండి, ఇసుకలో కూర్చుని ఫోన్ తెరవకండి.

జేబులో పెట్టేటప్పుడు కీలు వైపు కిందికి ఉంచడం నాకు అలవాటైంది. జేబు అడుగున చేరే నూలుపోగులు తెరల మధ్యకి తక్కువ వెళ్తాయి.

4. బయటి తెరని మీకు తగ్గట్టు సర్దుకోండి

చాలామంది ఈ పని చేయరు. ఫోన్ ఎలా వచ్చిందో అలాగే వాడి, బయటి తెర అలంకారానికే అనుకుంటారు. ఒక గంట కూర్చుని సర్దుకుంటే ఫోన్ మారిపోతుంది.

ముందు ఒక రోజంతా గమనించండి. ఫోన్ ఎందుకు తెరుస్తున్నారో కాగితం మీద రాసుకోండి. నేను రాసుకుంటే టైమ్ చూడటం, ఎవరు మెసేజ్ పెట్టారో చూడటం, పాట మార్చడం, టైమర్ పెట్టడం, ‘వస్తున్నా’ అని జవాబివ్వడం, ఇవే ఎక్కువ కనిపించాయి. వీటిలో ఒక్కదానికీ పెద్ద తెర అక్కర్లేదు. ఆ పనులకి సరిపోయే విడ్జెట్లే (యాప్ తెరవకుండానే పని జరిగే చిన్న పలకలు) బయట పెట్టుకుని మిగతావన్నీ తీసేయండి. మెసేజ్‌కి బయటి నుంచే జవాబిచ్చే సదుపాయం ఉంటే, మీరు తరచూ వాడే చిన్న మాటలు ముందే రాసి ఉంచుకోండి.

శాంసంగ్ ఫోన్లలో అన్ని యాప్‌లూ బయటి తెర మీద మామూలుగా తెరుచుకోవు. వాళ్లదే గుడ్ లాక్ అనే యాప్‌లో మల్టీస్టార్ అనే భాగం ఉంది. దానితో మీకు కావలసిన యాప్‌లని బయటికి తెచ్చుకోవచ్చు. మోటరోలాలో ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ ఎక్కువే. అయితే నా అనుభవంలో ఒక మాట. వీడియోలూ రీల్సూ వచ్చే యాప్‌లని బయట పెట్టకండి. వాటిని చూడాలంటే ఫోన్ తెరవాలి అన్న ఆ చిన్న అడ్డే ఈ ఫోన్ నాకిచ్చిన పెద్ద మేలు. నోటిఫికేషన్ చూసి, ముఖ్యమైంది కాదనుకుని, మూసి ఉన్న ఫోన్‌ని అలాగే వదిలేయడం నాకు ఇంతకుముందు చేతనయ్యేది కాదు.

ఇంకొకటి. మెసేజ్‌లోని మాటలు బయట కనిపించకుండా, పేరు మాత్రమే వచ్చేలా పెట్టుకోండి. బల్ల మీద మూసి పెట్టిన ఫోన్ తెర పైకే ఉంటుంది, పక్కనున్నవాళ్లు చదివేస్తారు.

5. సగం మడిచి ఫొటోలు తీయండి

ఫోన్‌ని ఎల్ ఆకారంలో సగం తెరిచి నేల మీదో గోడ మీదో పెడితే ట్రైపాడ్ అక్కర్లేదు. అయిదు సెకన్ల టైమర్ పెట్టండి, లేదా అరచెయ్యి చూపిస్తే ఫొటో తీసే సదుపాయం ఆన్ చేసుకోండి. ఇంట్లో అందరూ ఉన్న ఫొటోల్లో ఫొటో తీసేవాళ్లు ఎప్పుడూ లోటే. మా ఇంట్లో ఆ లోటు ఈ ఫోన్‌తో తీరింది.

సెల్ఫీకి లోపలి కెమెరా వాడకండి. ఫోన్ మూసి, బయటి తెరలో ముఖం చూసుకుంటూ వెనక ఉన్న పెద్ద కెమెరాతో తీయండి. తేడా మీకే తెలుస్తుంది. వేరేవాళ్లని తీస్తున్నప్పుడు వాళ్ల బొమ్మ వాళ్లకి బయటి తెరలో కనిపించేలా పెడితే పిల్లలు కెమెరా వైపే చూస్తారు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా తీసే జూమ్ కెమెరా మాత్రం ఫ్లిప్ ఫోన్లలో చాలావాటికి ఉండదు. దూరపు ఫొటోలే మీకు ముఖ్యమైతే ఈ రకం ఫోన్ మీకు సరిపోదు.

6. కాల్ సెట్టింగులు ముందే చూసుకోండి

ఫోన్ తెరవగానే కాల్ కలవాలా, మూయగానే తెగిపోవాలా అన్నది సెట్టింగుల్లో ఉంటుంది. ఒకసారి అమ్మతో స్పీకర్‌లో మాట్లాడుతూ, బయటి తెరతో పని జరిగిపోతుందనుకుని ఫోన్ మూసేశాను. కోపంతో పెట్టేశాననుకుని ఆవిడ సాయంత్రం దాకా మాట్లాడలేదు. మీకు ఏది కావాలో మొదటిరోజే పెట్టుకుని, ఇంట్లోవాళ్లతో ఒకసారి ప్రయత్నించి చూడండి.

7. బ్యాటరీ, వేడి, మడత గీత

బ్యాటరీ ఒక్క ముద్దగా ఉండదు. రెండు సగాల్లో రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్య చోటు కీలు తీసుకుంటుంది. జెడ్ ఫ్లిప్4లో మొత్తం బ్యాటరీ సామర్థ్యం 3700 ఎంఏహెచ్, ఫ్లిప్6లో 4000, ఫ్లిప్7లో 4300. పెద్ద మామూలు ఫోన్లలో 5000 ఎంఏహెచ్ సాధారణం. కాబట్టి రోజంతా బయట తిరిగే పని ఉంటే చిన్న పవర్ బ్యాంక్ వెంట ఉంచుకోండి. బయటి తెర ఎప్పుడూ వెలుగుతూ ఉండే సెట్టింగ్ తీసేస్తే కొంత కలిసొస్తుంది.

ఎండలో వీడియో తీస్తే పై సగం బాగా వేడెక్కుతుంది. అప్పుడు ఛార్జింగ్ పెట్టకుండా కాసేపు తెరిచి నీడలో ఉంచండి.

మడత గీత కనిపిస్తుంది. ఎండలో, నల్లటి బొమ్మ మీద, పక్క నుంచి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుంది. ఎదురుగా చూస్తూ వాడేటప్పుడు వారం తర్వాత నేను దాన్ని గమనించడం మానేశాను, కానీ పైకి జరుపుతుంటే వేలికి ఇప్పటికీ తగులుతుంది. దీనికి చేయగలిగింది ఏమీ లేదు. కొట్లో చూసినప్పుడే అది మిమ్మల్ని ఇబ్బంది పెట్టి ఉంటే కొనకండి.

8. పొర లేస్తే గోకకండి

పద్నాలుగో నెలలో నా ఫోన్ మడత దగ్గర పొర కింద చిన్న గాలి బుడగ వచ్చింది. గోటితో నొక్కి సరిచేద్దామని చూశాను. రెండు రోజుల్లో అది తెర వెడల్పంతా పాకింది. మీరు అలా చేయకండి. బుడగ వస్తే అది తెర పగిలినట్టు కాదు, పొర జిగురు వదిలినట్టు. సర్వీస్ సెంటర్‌లో పొర ఒక్కటే మారుస్తారు. వారంటీలో ఉంటే డబ్బు తీసుకుంటారా అని ముందే అడగండి.

తెర మీద పచ్చ గీతో, గులాబీ గీతో, సిరా ఒలికినట్టు నల్ల మచ్చో వస్తే అది వేరే సంగతి, తెరే దెబ్బతింటోంది. రేపు చూద్దాంలే అనుకోకుండా ఆ రోజే ఫొటోలు, కాంటాక్టులు, చాట్లు బ్యాకప్ చేసుకోండి. లోపలి తెర పూర్తిగా ఆరిపోతే బయటి తెర మీద నుంచి ఈ బ్యాకప్ చేసుకోవడం కష్టం కావచ్చు.

రిపేరుకి ఇచ్చేముందు సిమ్ తీసేయండి, మడత దగ్గర ఎలా ఉందో రెండు ఫొటోలు తీసి పెట్టుకోండి. తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే ఐకాన్‌ని మడత మీదుగా లాగి చూడండి, లోపలి కెమెరా తెరవండి, ఒక కాల్ చేసి చెవి దగ్గర వినండి, ఫోన్ మూయగానే లోపలి తెర ఆరి బయటి తెర వెలుగుతోందో లేదో చూడండి. అన్నీ సరిగ్గా ఉంటేనే సంతకం పెట్టండి.