పనికి పోయే తల్లి పాలు పిండి పెట్టడం ఎలా?

ముందు చేతులు సబ్బుతో కడగండి. ఉడికించి ఆరబెట్టిన స్టీలు గిన్నె పెట్టుకోండి. చనుమొనకు సుమారు 3 సెంటీమీటర్ల వెనక బొటనవేలు పైన, చూపుడువేలు కింద ఉంచి, ఛాతీవైపు నొక్కి, ఆపై వేళ్లు దగ్గరికి తెచ్చి వదలండి. బర్రెను పితికినట్టు మొనను లాగితే పాలు రావు సరిగదా, పుండు పడుతుంది. మొదటి రెండు నిమిషాలు చుక్క రాకపోయినా కంగారొద్దు. 5 నిమిషాలకోసారి రొమ్ము మారుస్తూ మొత్తం 20–30 నిమిషాలు పిండండి.

పిండిన పాలు 25 డిగ్రీల దగ్గర 4 గంటలు బాగుంటాయి. అనంతపురం మే నెల ఎండలో ఆ లెక్క నడవదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, తలుపులో కాదు, లోపలి మూల. అక్కడ 4 రోజులు ఉంటాయి. మీగడ పైకి తేలితే పాలు విరిగినట్టు కాదు, మెల్లగా కదిపితే కలిసిపోతుంది. పొయ్యి మీద కాచొద్దు. గిన్నెను వేన్నీళ్లలో ఉంచి, ఉగ్గుగిన్నెతో తాపండి. బిడ్డ ఎంగిలి చేసి వదిలిన పాలు 2 గంటలు దాటితే పారబోయండి.

ఎండలని అవ్వ నీళ్లు తాపబోతే ఆపండి: ఆరు నెలల్లోపు బిడ్డకు చనుబాలలోని నీరే చాలు. రొమ్ము గడ్డకట్టి జ్వరమొస్తే పాలివ్వడం మానకుండా పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వెళ్లండి.